సరిహద్దు ఊళ్ళో పదిమందిని ఒకచోట కూర్చోబెట్టడం ఎలా?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగు మాట్లాడేవాళ్ళకు కొదవ లేదు. బజారులో బేరాలు తెలుగులో సాగుతాయి, సరిహద్దు దాటితే పాతపట్నం పక్కనే. అయినా ఆదివారం ఒక గంట అందరం కలిసి కూర్చుందామని నేను మొదలుపెట్టినప్పుడు నలభై మంది "తప్పకుండా వస్తాం" అన్నారు, ఐదుగురు వచ్చారు. ఆ ఐదుగురిలో ఒకాయన ఎవరో కొత్త చిట్టీ వేస్తున్నారనుకుని వచ్చారు. నలభై మందికని చెప్పిన పకోడీలను మా వీధి వీధంతా తిన్నది.

ఆ తరువాత మూడేళ్ళ తప్పులలోంచి తేలిన పద్ధతి ఇది. రాయగడలోనైనా బరంపురంలోనైనా పెద్ద తేడా ఉండదనుకుంటాను.

ముందు పని, తరువాతే సంఘం

మనవాళ్ళు కలవగానే చేసే మొదటి పని కార్యవర్గం వేసుకోవడం. అధ్యక్షుడు, ఇద్దరు ఉపాధ్యక్షులు, ఆపైన గౌరవ సలహాదారులు. పదవి దక్కనివారు రెండో వారం నుంచి రారు, దక్కినవారు మూడో వారం నుంచి రారు. కాబట్టి బోర్డు, రబ్బరు స్టాంపుల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. కంటికి కనిపించే ఒక్క పని ఎంచుకోండి. "తెలుగును కాపాడుదాం" అన్నది పని కాదు. "వేసవికల్లా ఈ ఎనిమిది మంది పిల్లలకు తెలుగు చదవడం రావాలి" అన్నది పని.

మాకు ఆ పని టీ దుకాణం దగ్గర దొరికింది. మొదటి సమావేశానికి పిలుస్తూ నేను ఆ గోడకు కాగితం అంటించాను, ముత్యాల్లాంటి అక్షరాలతో. మర్నాడు ఒక తండ్రి, తొమ్మిదో తరగతి చదివే కొడుకు దాని ముందు నిలబడి ఉన్నారు. "ఏం రాశారు మాస్టారూ?" అని తండ్రి నన్నే అడిగారు, చక్కటి తెలుగులో. కొడుకేమో పక్కనున్న ఒడియా పోస్టరును గడగడా చదివేస్తున్నాడు. ఇద్దరి ఇంటి భాషా తెలుగే, ఇద్దరిలో ఎవరికీ నా కాగితం అందలేదు. అప్పటినుంచి మా కాగితాలన్నీ రెండు వరుసల్లో ఉంటాయి. పైన తెలుగు, కింద అదే తెలుగు మాట ఒడియా అక్షరాల్లో.

ఎవరి అరుగు మీద?

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఏడిపించింది చోటు. మొదటి మూడు నెలలు మా మేనమామగారి అరుగు మీద కూర్చున్నాం. విశాలమైన అరుగు, పైన పంకా కూడా ఉంది. వచ్చినవారంతా ఆ వీధివారే. మిగతా వీధులవారిని అడిగితే "పని పడిందండీ" అనేవారు. చివరికి ఒక పెద్దావిడ మొహమాటం లేకుండా చెప్పారు. "మా మామగారు ఏనాడూ ఆ అరుగు ఎక్కలేదు బాబూ, నేనెలా ఎక్కుతాను?"

చిన్న ఊళ్ళో వీధి పేరు చెబితే కులం చెప్పినట్టే. కుల సంఘం భవనంలో పెట్టినా, ఒకరి ఇంట్లో పెట్టినా పిలుపు అందరికీ వెళుతుంది, మనుషులు మాత్రం సగం మందే వస్తారు. గుడి మండపం అందరిదీ అనుకుంటాం, మసీదు వీధిలో తెలుగు మాట్లాడే కుటుంబాలను ఒకసారి అడిగి చూడండి. బడి వరండా అన్నిటికన్నా మేలు.

నోటిమాటతో మాత్రం ఊరుకోకండి. ఒకసారి మాకు ఇస్తామన్న గదికి వెళ్ళేసరికి తాళం వేసి ఉంది. తాళంచెవి ఉన్న మనిషి పెళ్ళికి వెళ్ళారు. పదకొండు మంది పిల్లలు ఎండలో మెట్లమీద కూర్చున్నారు, వచ్చే వారం వారిలో నలుగురే వచ్చారు. చీటీ రాయించుకోండి, తాళంచెవులు రెండు తీసుకుని ఇద్దరి దగ్గర ఉంచండి.

రోజు, పిలుపు

సంక్రాంతికి సగం ఊరు శ్రీకాకుళం వైపు వెళ్ళిపోతుంది. ఫిబ్రవరి, మార్చి నెలలు పరీక్షలవి. జూన్ మధ్యలో ఒడియావారి రజ పండుగ మూడు రోజులు. మార్గశిరంలో లక్ష్మివారం, అంటే గురువారం నాడు, ఏ పనికీ ఎవరినీ కదపకండి. మన ఇళ్ళలో లక్ష్మీపూజ, ఒడియావారి ఇళ్ళలో మాణబస అనే లక్ష్మీపూజ. పండుగలు, పరీక్షలు పోగా మిగిలిన ఆదివారాల్లో ఒకే గంట పెట్టుకుని, ఇద్దరే వచ్చినా సరే తలుపు తెరవండి. ఒక్కసారి మానేస్తే "ఈ వారం ఉందో లేదో" అన్న మాట పుడుతుంది. అది పుట్టాక చంపడం కష్టం.

వాట్సాప్ గుంపును నమ్ముకుంటే తామరపూల శుభోదయాలు తప్ప మనుషులు రారు. శనివారం సాయంత్రం ఫోను చేయండి. ఇంట్లో మగవారికి చెబితే కబురు అక్కడే ఆగుతుంది, ఆడవారితో విడిగా మాట్లాడండి.

అక్షరాల గంట

ఒడియా చదవగల పిల్లలకు తెలుగును ఓనమాల నుంచి మొదలుపెట్టనక్కరలేదు. క ఖ గ ఘ వరుస రెండింటిలో ఒకటే. ళ కూడా వాళ్ళకు తెలిసిన శబ్దమే, అక్షరం కింద అక్షరం రాసే పద్ధతీ కొత్త కాదు. పెద్ద కాగితం మీద రెండు లిపులను పక్కపక్కన రాసి గోడకు తగిలించండి. ఒడియా అక్షరం నెత్తిన గొడుగు ఉంటుంది, తెలుగు అక్షరానికి తలకట్టు ఉంటుంది అని చెబితే చాలు, మిగతాది వాళ్ళే పోల్చుకుంటారు.

తడబడేది హ్రస్వాల దగ్గర. ఒడియా లిపిలో ఎ, ఏలకు కలిపి ఒక్కటే అక్షరం, ఒ, ఓలకూ అంతే. మా దగ్గర ఒక పాప "అమ్మ మేడలో గొలుసు" అని చదివింది. "మేడలో ఎందుకు పెట్టింది?" అని ఇంకొకడు అడిగాడు. ఆ నవ్వుతోనే పాఠం అయిపోయింది. మెడ, మేడ, తెగ, తేగ ఇలాంటి జంటలు ఇరవై రాసుకుని ఉంచుకోండి. పాత వాచకాలకు పాతపట్నం బంధువులను అడగండి, అటకల మీద ఉంటాయి.

డబ్బు, కాగితాలు

ఏడాది గడిచాక, వచ్చేవాళ్ళు నిలకడగా వస్తున్నారంటే అప్పుడు నమోదు చేయించుకోండి. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడుగురు ఉంటే చాలు. చందా లెక్క నెలనెలా గోడకు అంటించండి. మా లెక్కలు చూసేది చిట్టీ అనుకుని వచ్చినాయనే, పావలా తేడా వచ్చినా ఆయనకు నిద్ర పట్టదు.

తెలుగు బడిలో పంతులు ఖాళీ ఉంటే ఊరికే వాపోకుండా అర్జీ పెట్టండి. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువుకు వసతి కల్పించాలని 1956 సవరణతో చేరిన రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతుంది. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు జతచేసి ఒడియాలో రాసి జిల్లా విద్యాధికారికి ఇవ్వండి, ముట్టినట్టు ముద్ర వేయించుకున్న ప్రతిని దాచుకోండి.

ఒడియా ఇరుగుపొరుగు

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమై ఈ ఊరు అందులో చేరింది. ఆ సంగతి కొందరికి గర్వం, కొందరికి ఇంకా మానని గాయం. ఇక్కడి రాజావారి పాఠశాలలో పాఠాలు చెప్పి, సవర గిరిజనుల భాష నేర్చుకుని వాళ్ళ పిల్లలకు వాచకాలు రాసిన గిడుగు రామమూర్తిగారు ఆ ఏడాదే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న ఉపన్యాసాలు పెట్టకండి. ఒక్కొక్కరూ ఒక వస్తువు పేరు తెలుగులో, ఒడియాలో, సవరలో చెప్పాలని పెట్టండి. సవర మాటకోసం ఎవరినో ఒకరిని పిలవక తప్పదు, ఒడియా మాటకోసం పక్కింటివారు వాళ్ళే వస్తారు.

ఇక జూన్ నెల. బాగా చదివే పిల్లలు ఇద్దరో ముగ్గురో విశాఖపట్నానికో భువనేశ్వర్‌కో చదువుకు వెళ్ళిపోతారు, ప్రతి ఏడాదీ. మొదటి ఏడు నేను అలిగాను. ఇప్పుడు మే నెలలోనే వాళ్ళ పక్కన ఇద్దరు చిన్నపిల్లలను కూర్చోబెట్టి, గోడమీది కాగితం ఎలా చెప్పాలో వాళ్ళచేతనే నేర్పిస్తున్నాను.