గాలేస్తే ఇప్పటికీ గుండె దడేనా? ట్రామాకి థెరపీ ఎలా మొదలెట్టాలంటే

2014 అక్టోబర్ 12, విశాఖని హుద్‌హుద్ తుఫాను కొట్టిన రోజు. అక్కడ పెదవాల్తేరులో మా పిన్ని వాళ్ళ బాల్కనీ అద్దం పగిలి హాల్లోకొచ్చి పడింది, పిల్లలిద్దర్నీ పట్టుకుని సాయంత్రం దాకా బాత్రూంలోనే కూర్చుంది. ఒంటిమీద ఒక్క గీత పడలేదు. కానీ తర్వాత ఏళ్ళ తరబడి కిటికీ రెక్క టపటపమంటే చాలు చెమటలు పట్టేసేవి, ఆరోజిక పిల్లల్ని స్కూలుకి పంపదు. పక్కింటావిడేమో గాలి సోకిందమ్మా, తాయెత్తు కట్టించు అంది. సోకింది గాలే లెండి, కాకపోతే గంటకి దాదాపు 180 కిలోమీటర్ల గాలి.

మెదడులో అమిగ్డలా అని ఒకటుంటుంది, ప్రమాదం వస్తే అలారం కొట్టేది అదే. ప్రాణం మీదకొచ్చిన సంఘటన మనసుకి చేసే గాయమే ట్రామా, దాని తర్వాత కొందరిలో ఆ అలారం ఆగదు, జరిగిపోయింది కూడా ఇప్పుడే జరుగుతున్నట్టు ఒళ్ళు రియాక్టవుతుంది. అందుకే "మర్చిపోవే, అయిపోయింది కదా" అంటే పని జరగదు. తుఫానే అక్కర్లేదు, బైక్ యాక్సిడెంట్ అవ్వచ్చు, ఇంట్లో కొట్టుడు అవ్వచ్చు, 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన గ్యాస్‌కి పరిగెత్తిన వాళ్ళకి ఏదో ఘాటు వాసన అవ్వచ్చు.

చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. నెల దాటినా పీడకలలు, ఆ చోటికి వెళ్ళకుండా తప్పించుకోవడం, ఊరికే ఉలిక్కిపడటం, వీటివల్ల పనీ ఇల్లూ దెబ్బతినడం ఉంటే అప్పుడు చూపించుకోవాలి, అది పీటీఎస్‌డీయో (ట్రామా తర్వాత వదలకుండా ఉండిపోయే మానసిక సమస్య) కాదో తేల్చేది డాక్టరే, రీల్స్ కాదు.

ఎక్కడ మొదలెట్టాలంటే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, ఏ టైమైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. విశాఖలో అయితే ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్‌లో సైకియాట్రీ ఉంది, వాల్తేరు మెంటల్ హాస్పిటల్లో ఓపీ ఉంది. మనూళ్ళో ఎవడైనా తిక్కగా మాట్లాడితే "వాల్తేరు పంపించాలిరా" అని జోకులేస్తాం కదా, మా పిన్ని ఆ జోకుకి భయపడే నాలుగేళ్ళు ఆగింది, ఇంటి నుంచి నడిచెళ్ళేంత దూరంలో ఉంటూ! చచ్చిపోవాలనిపిస్తుంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, అదే రోజు 14416కో 112కో కొట్టండి, మనిషిని ఒంటరిగా వదలొద్దు.

థెరపిస్టుని మొహమాటపడకుండా అడగండి, ట్రామా కేసులు చూశారా, ఏ పద్ధతి, ఎన్ని సెషన్లు అని. ట్రామా ఫోకస్డ్ సీబీటీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స), ఎక్స్‌పోజర్ (భయపెట్టేదాన్ని కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం), ఈఎండీఆర్ (కళ్ళు అటూ ఇటూ కదుపుతూ ఆ జ్ఞాపకాన్ని తలుచుకోవడం), వీటికి మంచి ఆధారాలున్నాయి. మొదటి రోజే జరిగిందంతా చెప్పించరు. ముందు నిద్రెలా ఉంది, దేనికి భయమేస్తోంది అడుగుతారు, దడొచ్చినప్పుడు తట్టుకోవడం నేర్పిస్తారు. పిన్నికి నేర్పింది ఇదీ: చల్లటి నీళ్ళున్న స్టీలు గ్లాసు రెండు చేతుల్తో పట్టుకో, గదిలో కనిపించే ఐదు వస్తువులు పైకి అను, "ఫ్యాను, క్యాలెండరు, కుక్కరు..." అలా. తర్వాత ఫోన్లో గాలి సౌండ్ చిన్నగా పెట్టి వినడం, కొన్నాళ్ళకి కిటికీ తీసి కూర్చోవడం, ఆఖర్న సాయంత్రం గాలిలో ఆర్కే బీచ్. వారానికొకటి చొప్పున మూణ్ణాలుగు నెలలు పట్టింది, మొదటి వారాల్లో కలలు ఎక్కువయ్యాయి కూడా, అలా అవ్వచ్చని ముందే చెప్పారు కాబట్టి మానెయ్యలేదు.

మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు వేసుకోవద్దు, అలవాటైపోతాయి, ట్రామాని తగ్గించవు. ఇంట్లోవాళ్ళు గుచ్చిగుచ్చి అడగొద్దు, క్లినిక్ దాకా తోడెళ్ళి బయట కూర్చుంటే చాలు, మా బాబాయి అదే చేశాడు.

పిన్ని ఇప్పటికీ వాయుగుండం అని వార్త రాగానే కొవ్వొత్తులు కొంటుంది, పవర్ బ్యాంకులు చార్జింగ్ పెడుతుంది. ఇదీ భయమేనా అని థెరపిస్టుని అడిగితే ఆవిడ నవ్వి, మా ఇంట్లోనూ కొంటామండీ అందిట.