మన ఊరి సారాయి అంగడి చరిత్రను పాత కాగితాల్లో వెతికే విధానం

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో తమ ఊరి మద్యం లైసెన్సుల చరిత్రను రాయదలచినవారు ముందుగా చట్టాల తేదీలను వరుసగా రాసుకోవాలి. చట్టం చేసిన సంవత్సరం వేరు, అది మన జిల్లాలో అమలైన సంవత్సరం వేరు కాబట్టి రెండింటినీ పక్కపక్కనే వేసుకోవడం మంచిది.

1886 నాటి మద్రాసు ఆబ్కారీ (మద్యంపై పన్ను, లైసెన్సుల) చట్టంతో మొదలుపెట్టండి. చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడింది కనుక, అంతకుముందటి ఉత్తర్వుల కోసం చిత్తూరు, చంద్రగిరి వైపువారు ఉత్తర ఆర్కాటు పేరు కింద, మదనపల్లె, వాయల్పాడు వైపువారు కడప పేరు కింద వెతకాలి. మద్రాసు ప్రభుత్వ కాలపు రికార్డులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉంటాయి.

అందరూ తడబడేది తరువాతి ఘట్టంలోనే. రాజాజీ ప్రభుత్వం 1937లో మద్యనిషేధ చట్టం తెచ్చి, మొదట సేలంలో అమలు చేసి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. యుద్ధ కాలంలో నిలిపివేసిన ఆ నిషేధం 1948 నాటికి అప్పటి మద్రాసు రాష్ట్రమంతటా వచ్చింది. అందుచేత 1950 నాటి క్రయదస్తావేజు చెక్కుబందీలో (స్థలానికి నాలుగు వైపులా ఉన్న హద్దుల వివరంలో) ‘తూర్పున సారాయి అంగడి స్థలం’ అని కనిపిస్తే, ఆనాడు అక్కడ లైసెన్సు ఉన్నట్టు రాసేయకూడదు. అంగడి మూతపడినా స్థలానికి ఆ పేరు నిలిచిపోయి ఉంటుంది. అటువంటప్పుడు అదే సర్వే నంబరు మీద అంతకుముందు రిజిస్టరైన దస్తావేజులను కూడా తెప్పించుకుని చూడాలి. మన జిల్లాలో నిషేధం 1990లలోనే మొదలైందని చాలామంది నమ్మడం, ఇంతటి చరిత్ర మరుగున పడడం నాకు బాధ కలిగిస్తుంది.

ఆంధ్ర రాష్ట్రంలో 1954లో ప్రకాశం మంత్రివర్గం పడిపోయింది కూడా ఈ మద్యనిషేధ వివాదం మీదే. 1968 ఆబ్కారీ చట్టం తరువాతి కాలానికి ఎక్సైజు శాఖ వేలంపాటల కాగితాలు ఆధారం. 2019లో ప్రభుత్వ దుకాణాలు, 2024లో లాటరీ ద్వారా ప్రైవేటు లైసెన్సులు వచ్చాయి.

పెద్దలను అడిగేటప్పుడు సంవత్సరం అడగకండి. సారాయి ఒక్కటే పోయిందా, బ్రాందీ షాపు కూడా మూసేశారా అని అడగండి. సారాయి ఒక్కటే అంటే అది 1993 నిషేధం. రెండూ అంటే 1995లో మొదలై 1997లో సడలించిన సంపూర్ణ మద్యనిషేధం.