బల్లుల్నీ పిట్టల్నీ పట్టుకొచ్చే పిల్లితో ఎలా వేగాలి?

తిరుపతిలో పిల్లిని పెంచే ఇళ్లలో తరచూ వినబడే మాట ఇది: "కడుపు నిండా పెడతానే ఉన్నాం, అయినా బల్లిని పట్టుకొచ్చి దేవుడి గది ముందే పడేస్తోంది." బైరాగిపట్టెడ, కొర్లగుంట లాంటి చోట్ల ఇంటి చుట్టూ బల్లులు, చిట్టెలుకలు, చుంచులు దొరుకుతాయి. కపిలతీర్థం, జీవకోన వైపు కొండకు దగ్గరగా ఉన్న ఇళ్లలో అయితే తొండలు, ఉడతలు, పిట్టలు, వానలప్పుడు పాముపిల్లలు కూడా పిల్లి నోట్లో గడప దాటి వస్తాయి.

వేటను పూర్తిగా మాన్పించడం కుదరదు. పిల్లికి ఆకలి వేరు, వేట వేరు. అప్పుడే తిని మూతి నాక్కుంటున్న పిల్లి కూడా గోడ మీద బల్లి కదిలితే ఒళ్లు బిగించి కూర్చుంటుంది. తిట్టినా కొట్టినా అది తన వేటకు శిక్ష అని దానికి తెలియదు. మనల్ని చూసి భయపడటం మాత్రం నేర్చుకుని, పట్టినదాన్ని మంచం కిందకో అటక మీదకో తీసుకుపోతుంది. రెండు రోజుల తర్వాత వాసన వస్తే తప్ప మనకు తెలియదు. కానీ అది ఎంత వేటాడుతుంది, ఏ వేళలో, దేన్ని అన్నవి మనం చాలావరకు మార్చగలం. ఆ మార్పు తిండి దగ్గర మొదలవ్వాలి.

1. పెరుగన్నంతో సరిపెట్టకండి

మన ఊళ్లో సగం చిక్కు ఇక్కడే ఉందని నా నమ్మకం. మాంసం గడప తొక్కని ఇళ్లు ఇక్కడ చాలా ఉన్నాయి. పిల్లికీ పాలన్నం, పెరుగన్నం, నెయ్యి వేసిన పప్పన్నం పెడతారు. ఎంతో ప్రేమగా పెడతారు. అయితే పిల్లి ఒళ్లు మాంసం మీద నడిచే ఒళ్లు. దాని గుండెకు, కళ్లకు టారిన్ అనే పదార్థం కావాలి. దాన్ని పిల్లి తన ఒంట్లో సరిపడా తయారు చేసుకోలేదు. మాంసంలో, చేపల్లో అది ఉంటుంది, అన్నం పప్పుల్లో ఉండదు. నెలల తరబడి టారిన్ అందకపోతే గుండె కండరం బలహీనపడుతుంది, చూపు దెబ్బతింటుంది. ఇక పాలు. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 219 ఇళ్లలోని 355 పిల్లులను గమనించి 2021లో తమ ఫలితాలు ప్రచురించారు. మాంసకృత్తులు ఎక్కువగా ఉండి, ధాన్యం కలపని మేత పెట్టిన ఇళ్లలో పిల్లులు ఇంటికి తెచ్చే వేట 36 శాతం తగ్గింది. గిన్నెలో దొరకని లోటును పూడ్చుకోవడానికి కూడా పిల్లి బయటికి పోతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. మాంసపు మేత పెట్టినప్పుడే అంత తేడా వచ్చిందంటే, ఉత్త పెరుగన్నం తినే మన పిల్లి సంగతి వేరే చెప్పాలా?

చికెన్ అయితే ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించి, ఎముకలు తీసి పెట్టండి. చేపలూ అంతే, ముల్లు లేకుండా చూడాలి. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను విరగ్గొడతాయి. కాబట్టి మనం తినే కూరలోని ముక్కను కడిగి పెట్టడం కూడా వద్దు. ఉడికించిన కోడిమాంసం ఒక్కటే రోజూ పెట్టినా కాల్షియం లాంటివి చాలవు. అందుకే పూట తిండి కింద పిల్లుల కోసమే తయారుచేసిన సంపూర్ణాహారం ప్యాకెట్ పెట్టి, పైన కొద్దిగా ఇంటి మాంసం కలపడం మేలు. ఇంట్లో మాంసం వండనివాళ్లకు ఆ ప్యాకెట్ ఒక్కటే చాలు. గిన్నెను వసారాలోనో బాల్కనీలోనో విడిగా ఉంచుకోవచ్చు.

"మేం తిననిది దానికి పెడితే పాపం కాదా?" అని అడిగేవాళ్లున్నారు. గిన్నెలో దొరకనిది అది గోడ మీద, చెట్టు మీద వెతుక్కుంటుంది. గిన్నెలో సరిగ్గా పెడితే పెరట్లో చచ్చే ప్రాణాలు తగ్గుతాయి. జీవహింస ఇష్టం లేని ఇంట్లోనే పిల్లికి మంచి మేత అందరికన్నా ఎక్కువ అవసరం.

తిండిని బొమ్మల్లో దాచి, పిల్లి కష్టపడి తీసుకునేలా చేసే పజిల్ ఫీడర్లు ఇప్పుడు అమ్ముతున్నారు. ఇదే అధ్యయనంలో వాటివల్ల వేట 33 శాతం పెరిగింది. వేట తగ్గించాలని మాత్రం వాటిని కొనకండి.

2. దీపాలవేళ ఆడించండి

రోజూ 5 నుంచి 10 నిమిషాలు ఆడించిన ఇళ్లలో వేట 25 శాతం తగ్గిందని కూడా ఆ పరిశోధకులే తేల్చారు. పైసా ఖర్చు లేని పని. ఒక పుల్లకు మూరెడు దారం, దాని చివర గుడ్డపీలికో ఈకో కట్టండి. పిల్లి మొహం మీద ఊపొద్దు. వేటకు దొరికే ప్రాణి ఎప్పుడూ పిల్లికి ఎదురురాదు, పారిపోతుంది. అందుకే దాన్ని నేల మీద, గోడవారగా, చాప అంచు కిందుగా ఆగి ఆగి లాగండి. నాలుగైదు సార్లు నిజంగా పట్టుకోనివ్వండి, ఆ వెంటనే తిండి పెట్టండి. వెంటాడటం, పట్టడం, తినడం, ఒళ్లు నాక్కోవడం, పడుకోవడం ఒకదాని వెంట ఒకటి జరిగిపోతే అది మళ్లీ లేచి బయటికి పోవడానికి తొందరపడదు. ఆట అయ్యాక దారాన్ని అందకుండా పెట్టేయండి. మింగితే పేగుల్లో చుట్టుకుంటుంది.

సూర్యోదయానికి, సూర్యాస్తమయానికి అటూ ఇటూ పిల్లికి ఒళ్లు చురుగ్గా ఉంటుంది. ఆట ఆ వేళల్లో పెట్టుకుంటే ఎక్కువ ఫలితం. సాయంత్రం దీపం పెట్టాక ఒక విడత, తెల్లారి వాకిట్లో ముగ్గు వేసే ముందు వీలైతే ఇంకో విడత.

3. పొద్దుగూకాక ఇంట్లోనే

చీకటి పడ్డప్పటి నుంచి తెల్లగా తెల్లారేదాకా పిల్లిని లోపల ఉంచగలిగితే ఎలుకల సంగతి ఎలా ఉన్నా పిల్లి ప్రాణం దక్కుతుంది. వీధికుక్కలు, బండ్లు ఎక్కడైనా ఉన్నవే. కొండ కింద ఉండేవాళ్లకు ఇంకో భయం: అలిపిరి, ఎస్వీ యూనివర్సిటీ పరిసరాల్లో చిరుతలు తిరగడం ఊరందరికీ తెలుసు. అటువైపు ఇళ్లలో రాత్రిపూట పిల్లిని బయట వదలడం సరికాదు.

అడవిని తలుచుకున్నా ఇది అవసరమే. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం మన వీధుల చివరే మొదలవుతుంది. రాళ్ల సందుల్లో బతికే బంగారు బల్లి, రాత్రి మాత్రమే తిరిగే దేవాంగపిల్లి (పేరులో పిల్లి ఉన్నా అది కోతికి చుట్టమైన చిన్న జీవి) ఆ కొండల్లో ఉన్నాయి. పెంపుడు పిల్లి అక్కడి జీవుల జోలికి పోకూడదు.

దోమల కోసం కిటికీలకు వేసే నైలాన్ తెర పిల్లి గోళ్లకు ఆగదు, ఇనుప జాలీ వేయించండి. అపార్ట్‌మెంటు బాల్కనీలకు పావురాలు రాకుండా కట్టే వల గట్టిగా బిగిస్తే సరిపోతుంది. మొదటి వారం తలుపు దగ్గర అరుస్తుంది. ఆ అరుపుకు ఒక్కసారి తలుపు తీశారా, రోజూ అరుస్తుంది.

4. దొరికే చోట్లు తగ్గించండి

బల్లుల వేట చాలా ఇళ్లలో వసారాలోని ట్యూబులైటు కిందే జరుగుతుంది. లైటుకు పురుగులు, పురుగులకు బల్లులు, బల్లులకు పిల్లి. లైటు కింద ఉన్న స్టూలు, బీరువా, చెప్పుల స్టాండు లాంటివి పక్కకు జరపండి. ఎగరడానికి మెట్టు లేకపోతే చాలావరకు పిల్లి కూర్చుని చూస్తూ ఉండిపోతుంది. పని లేనప్పుడు లైటు ఆపేయండి.

ఎండాకాలంలో మిద్దె మీద పిట్టలకు నీళ్లు, గింజలు పెట్టే మంచి అలవాటు మనకుంది. పిల్లి ఉన్న ఇంట్లో అవి నేల మీద ఉంటే పిట్టలను మనమే పిలిచి పిల్లికి అప్పగించినట్టు. ముంతను తాడుతో ఎత్తుగా వేలాడదీయండి. దగ్గర్లో పిల్లి నక్కడానికి కుండీలు, చెత్తబుట్టలు ఉండకూడదు. గూడు వదిలి ఎగరడం నేర్చుకుంటున్న పిట్టపిల్లలు కొన్నాళ్లు నేల మీద, కొమ్మల మీద తడబడుతుంటాయి. పెరట్లో గూడు కనబడితే అవి ఎగిరిపోయేదాకా పగలు కూడా పిల్లిని లోపలే ఉంచండి. ఉడతపిల్లలున్న చెట్టు మొదలు చుట్టూ నున్నటి జింకు రేకు, నేల నుంచి నాలుగైదు అడుగుల ఎత్తున కడితే పిల్లికి గోరు దిగదు.

మెడలో గంట కడితే చాలనుకుంటారు. ఎక్సెటర్ అధ్యయనంలో గంట వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కొట్టొచ్చినట్టు కనబడే రంగుల గుడ్డ కుచ్చు ఉన్న మెడపట్టీ వేసినప్పుడు మాత్రం పిట్టల వేట 42 శాతం తగ్గింది. పిట్టలు రంగును దూరం నుంచే పోల్చుకుని ఎగిరిపోతాయి. ఎలుకల విషయంలో అది పనిచేయలేదు. మెడపట్టీ కొమ్మకు తగులుకుంటే తనంతట ఊడిపోయే రకం కావాలి, బకిల్ ఉన్నది వద్దు.

5. ప్రాణంతో పట్టుకొస్తే

పిల్లి నోట్లోంచి చేత్తో లాక్కోవద్దు. అది మరింత గట్టిగా కరుస్తుంది, ఎలుక అయితే మన వేలు కొరుకుతుంది. పక్క గదిలో దానికి ఇష్టమైన తిండి డబ్బా చప్పుడు చేయండి. వదిలి వచ్చిందంటే పిల్లి వెనకే ఆ గది తలుపు వేసేయండి. తర్వాత ఎలుక మీద బకెట్టు బోర్లించి, కిందుగా గట్టి అట్ట తోసి, అట్టతో సహా బయటికి తీసుకుపోండి. పట్టినదాన్ని పిల్లి వదిలి మళ్లీ పట్టడం మనకు క్రూరంగా కనిపిస్తుంది. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అన్నారు కదా. చాలాసార్లు అది ఎదురుకాటుకు భయపడి ఎలుకను అలసిపోయేలా చేస్తుంటుంది.

పిట్ట, ఉడత అయితే పైకి గాయం లేదని వదిలేయవద్దు. పిల్లి పంటిగాటు సూదిమొనంతే ఉంటుంది కానీ నోట్లోని సూక్ష్మక్రిములు లోతుకు దిగి ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి. చిల్లులున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ మీద ఉంచి మూతపెట్టి, నీళ్లు నోట్లో పోయకుండా, నేరుగా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

పాము అయితే పిల్లలను, పెద్దలను గదిలోంచి పంపించి తలుపు వేసి, పాములు పట్టేవాళ్లకో అటవీశాఖకో ఫోన్ చేయండి. పిల్లి కాళ్లు తూలుతున్నా, రెప్పలు వాలుతున్నా, మూతో కాలో వాచినా కాటు పడిందనే అనుకుని వెంటనే బయల్దేరండి. కప్పను కరిచి నురగ కక్కుతుంటే అది గోదురుకప్ప అయి ఉండొచ్చు. దాని చర్మంలో విషం ఉంటుంది. తడిగుడ్డతో చిగుళ్లు తుడిచి డాక్టరుకు చూపించాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వానల్లో ఈ రెండూ ఎక్కువ.

6. చచ్చినదాన్ని తీసే పద్ధతి

ప్లాస్టిక్ కవరులో చేయి పెట్టి, దాన్ని పట్టుకుని, కవరును తిరగేసి ముడి వేయండి. పొడి పొరకతో ఊడవకండి. బ్లీచింగ్ ద్రావణం ఒక వంతుకు పది వంతుల నీళ్లు కలిపి ఆ చోట పోసి, కాసేపు ఆగి తుడవండి, ఆరేదాకా పిల్లిని రానివ్వకండి. నల్ల ఫినాయిల్ మాత్రం వాడొద్దు. అందులోని ఫినాల్ రకం పదార్థాలను పిల్లి కాలేయం విరిచి బయటికి పంపలేదు. పాదాలకు అంటినది నాక్కుంటే చాలు, జబ్బు చేస్తుంది.

7. నట్టల మందు, టీకాలు

ఎలుకలను తినే పిల్లికి బద్దెపురుగులు, ఏలికపాములు పట్టడం మామూలే. మూడు నెలలకోసారి నట్టల మందు వేయించాలి. బల్లులు తినే పిల్లికి ఇంకో ముప్పు ఉంది. బల్లి ద్వారా చేరే ఒక చదును పురుగు పిల్లి పిత్తనాళాల్లో కాపురం పెడుతుంది. తిండి మానడం, వాంతులు, చిగుళ్లు పచ్చబడటం దాని గుర్తులు. మామూలు మోతాదు నట్టల మందుకు అది లొంగదు. అందుకే డాక్టరుకు "మా పిల్లి బల్లులు తింటుంది" అని మీరే చెప్పండి. ఒక రోజంతా ఏమీ తినకపోయినా ఆగవద్దు.

ఇంట్లో గర్భిణి ఉంటే పిల్లిని వదిలేయమని పెద్దవాళ్లు అంటారు. అవసరం లేదు. ఎలుకను తిన్న పిల్లి మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి రావచ్చు, అయితే బయటపడ్డాక అది అంటుకునే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. ఇసుక ట్రేను రోజూ, వేరే వాళ్లు శుభ్రం చేస్తే సరిపోతుంది.

పిల్లికి మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా. పిల్లి కరిచినా రక్కినా 15 నిమిషాలు ధారగా నీళ్లతో, సబ్బుతో కడిగి రుయా ఆసుపత్రికి వెళ్లండి. ఆడపిల్లి అయితే ఐదారు నెలల వయసులో ఆపరేషన్ చేయించండి. పిల్లలున్న తల్లి వాటికి నేర్పడానికి ప్రాణంతో ఉన్న ఎలుకలనే ఇంట్లోకి తెస్తుంది.

8. ఎలుకల మందు పెట్టొద్దు, పెట్టనివ్వొద్దు

అన్నిటికన్నా నన్ను భయపెట్టేది ఇదే. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, మందకొడిగా తిరుగుతుంది, పిల్లికి సులువుగా దొరుకుతుంది. ఎలుక ఒంట్లోని విషం పిల్లికి చేరుతుంది. మీ ఇంట్లో పెట్టకపోతే చాలదు, పక్కిళ్లకు వెళ్లి అడగాలి: "అక్కా, ఎలకల మందు పెడతా ఉంటే ముందుగా ఒక మాట చెప్పండి, పిల్లిని కట్టడి చేసుకుంటాం." అలా అడిగితే చాలామంది మందు మానేసి బోను పెట్టడానికి ఒప్పుకుంటారు. చెనిక్కాయల మూటలు, బియ్యం మూతబిగిసే డ్రమ్ముల్లోకి మార్చి, గోడల బొక్కల్లో ఇనుప పీచు కూరి సిమెంటు పూస్తే ఎలుకలే తగ్గుతాయి. పందికొక్కు లాంటి పెద్దదాని జోలికి చాలా పిల్లులు పోవు కూడా, కాబట్టి ఆ పని పిల్లి మీద వదిలేయలేం.

పిల్లి నీరసించినా, ముక్కులోంచో చిగుళ్లలోంచో రక్తం వచ్చినా, మూర్ఛ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. తిరుపతిలో 1955లో మొదలైన వెటర్నరీ కాలేజీకి సొంత పశువైద్యశాల ఉంది. రక్తం గడ్డకట్టనివ్వని రకం మందు అయితే విటమిన్ కె1 తో కాపాడే వీలుంటుంది, వేరే రకాలకు వైద్యం వేరు. ఉప్పునీళ్లు తాగించి కక్కించడం, మన పారాసెటమాల్ బిళ్ల వేయడం రెండూ ప్రమాదమే. పారాసెటమాల్ ఒక్క బిళ్ల కూడా పిల్లిని చంపగలదు. కక్కినదాన్ని, దొరికితే మందు ప్యాకెట్టును కవరులో వేసి వెంట తీసుకెళ్లండి. దాని మీద రాసినదాన్నిబట్టే డాక్టరు ఏ సూది వేయాలో తేల్చుకుంటారు.