దాణా వేరు, మేత వేరు: మాట ఎక్కడిదో తెలిస్తే ఆవుకి ఏది ఎంత పెట్టాలో తెలుస్తాది

మా చిన్నాన్న కొడుకు విశాఖలో పెరిగి ఈమధ్యే రాజాం దగ్గర మా ఊరొచ్చి ఒక ఆవుని కొన్నాడు, అది పల్చగా పేడ వేస్తంటే డాక్టరు గారు ఫోన్లో దాణా తగ్గించి మేత పెంచమన్నారు, వీడు దాణా అంటే గడ్డే అనుకుని, అసలు దాణా అయిన చిట్టూ తెలకపిండీ అలాగే ఉంచి గడ్డి తగ్గించేసేడు. ఆవు నెమరు మానేసింది. చాలా బాధేసింది నాకు, అందుకే కొత్తగా పశువుల్ని పెంచేవాళ్ళ కోసం ఇది రాస్తన్నాను.

ముందు ఒక చిన్న పద్ధతి. ఏ మాట విన్నా పశువు దాన్ని ఏం చేస్తాది అని అడగండి. మేత అనుకోండి, మేస్తాది. మేయు అన్నది మన సొంత మాటే, తమిళంలో మేయ్, కన్నడంలో మేవు కూడా ఇదే కుటుంబం. అంటే తలొంచుకుని తీరిగ్గా మేసి తర్వాత నెమరేసుకునేది: పచ్చగడ్డి, వరిగడ్డి, జనుము, పిల్లిపెసర, చోడి (రాగి) గడ్డి. కడుపు నింపేది ఇదే, పాలిచ్చే ఆవుకి రోజుకి 15-20 కేజీల పచ్చిమేత, 4-6 కేజీల ఎండుగడ్డి ఉండాలి.

కుడితి కూడా అంతే, కుడుచు నుంచి వచ్చింది, దూడ పాలు కుడుస్తాది అంటాం కదా అదే. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కొంచెం తవుడు, అంతే. పుల్లబడి వాసనొస్తే పొయ్యకండి.

ఇప్పుడు దాణా. దీనికి అలాంటి క్రియ ఏదీ మన దగ్గర దొరకదు, దాణా పెడతాం అంటాం అంతే, ఎందుకంటే ఇది బయట్నుంచొచ్చిన మాట. పార్సీలో దానా అంటే గింజ, హిందీలోనూ అదే. సంస్కృతంలో వేయించిన గింజల్ని ధానా అంటారు, మన ధాన్యం ఆ ఇంటి మాటే, పార్సీ దానా దానికి దూరపు చుట్టం. థానా మన దగ్గర ఠాణా అయినట్టే దానా కూడా దాణా అయింది. దానం ఇవ్వడానికీ దీనికీ సంబంధం లేదు, చాలామంది అలాగే అనుకుంటారు. గుర్రాలకి పెట్టే ఉలవలు కూడా దాణాయే, ఎందుకంటే అవీ గింజలే.

గింజల నుంచొచ్చే తవుడూ తెలకపిండీ లాంటివీ దాణాయే. గింజ అంటే బలం, బలమైంది కొలిచే పెట్టాలి. ఆవు ఒంటి పోషణకి రోజుకి 1-1.5 కేజీలు, ఆపైన ప్రతి 2.5 లీటర్ల పాలకి 1 కేజీ, గేదెకైతే ప్రతి 2 లీటర్లకి 1 కేజీ. 5 లీటర్లిచ్చే ఆవుకి 3 కేజీల పైచిలుకు పడతాది, అది ఒకేసారి కుమ్మరించకుండా పొద్దున్న సగం సాయంత్రం సగం పెట్టండి. ఇంట్లో కలుపుకుంటే 100 కేజీలకి గింజల నూక 35, తెలకపిండి గానీ వేరుశనగ చెక్క (నూనె తీసాక మిగిలేది) గానీ 30, తవుడు 32, ఖనిజ లవణాల మిశ్రమం 2, ఉప్పు 1. తెలకపిండి అంటే నువ్వుల నూనె తీసేసిన పిండి, మునగాకేసి మనమూ కూర వండుకుంటాం, ఆ పేరు గానుగాడే తెలికులవాళ్ళ నుంచి వచ్చింది, తెలిక అన్న మాట మళ్ళీ తైలం నుంచి, తైలం తిలల నుంచి, అంటే తిరిగి తిరిగి నువ్వుల దగ్గరికే వస్తాం.

ఆఫీసు కాగితాల్లో పశుగ్రాసం అని ఉంటే అది మేతే, సంస్కృతంలో గ్రాసం అంటే నోటికి పట్టే ముద్ద. న్యూస్ పేపర్ల విషయంలో మాత్రం జాగ్రత్త. 1996లో బయటపడ్డ బీహారు కుంభకోణాన్ని హిందీలో చారా ఘోటాలా అన్నారు, చారా అంటే మేత, మన పేపర్లు దాన్ని దాణా కుంభకోణం అని రాసేయి, అప్పట్నుంచి మేతనీ దాణా అనడం చాలామందికి అలవాటైపోయిందని నాకనిపిస్తాది.

అందుకని డాక్టరు గారు దాణా అన్నా మేత అన్నా, గడ్డా గింజలా అని అప్పుడే అడిగెయ్యండి. దాణా రకం మారిస్తే వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా మార్చండి. వానాకాలంలో మా వైపు చెక్క తొందరగా బూజు పడతాది, ఆ బూజు విషం పాలల్లోకి కూడా వస్తాది, పైపైన దులిపేసి పెట్టకండి, పారెయ్యండి.