వానాకాలానికి ముందు పట్టుచీరలు బీరువాలో ఎలా సర్దాలి?

విశాఖ, కాకినాడ లాంటి సముద్రం ఒడ్డు ఊళ్లలో పట్టుచీరలకు పురుగు కంటే గాలిలో తేమే పెద్ద శత్రువు. తేమ 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిచిందంటే బూజు మొదలవుతుంది. జరీది మరో బాధ. అసలు జరీ అంటే బంగారు పూత పూసిన వెండి తీగ. గాలిలోని గంధకానికి తేమ తోడైతే వెండి నల్లబడుతుంది. సరిగ్గా దాచని చీర అంచు విప్పి చూడండి, మడత గీత పొడవునా నల్లచుక్కలు వరసగా కనిపిస్తాయి. తుడిస్తే పోవు.

కావలసినవి: గంజి పెట్టకుండా ఉతికి ఆరేసిన పాత నూలు పంచెలు, తేమ పీల్చి రంగు మారే సిలికా జెల్ గుళికలు, తేమ చూపించే చిన్న హైగ్రోమీటర్.

ముందు బీరువా ఖాళీ చేసి పొడిగుడ్డతో తుడవండి. గోడకు ఆనించకుండా జానెడు ముందుకు జరపండి. బయటి గోడ అయితే ఇది తప్పనిసరి.

ఇక చీర ఆరబెట్టడం. అందరూ తొందరపడేది ఇక్కడే. చేత్తో ముట్టుకుని "పొడిగానే ఉందిగా" అనుకుని మూట కట్టేస్తారు. పట్టు తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పీల్చుకున్నా చేతికి తడి తెలియదు. కాబట్టి చేతిని నమ్మకండి, హైగ్రోమీటర్‌ని నమ్మండి. గదిలో 55 లోపు చూపించాలి. 60 ఉంటే ఆ రోజు మానేయండి.

రోహిణి కార్తెలోనే ఈ పని ముగించడం మంచిది. వానలు మొదలయ్యాక అయితే తెరిపి ఇచ్చిన రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు లోపు చేయండి. సాయంత్రం గాలి చల్లబడే కొద్దీ తేమ శాతం పెరుగుతుంది, ఆరిన చీర మళ్లీ పీల్చుకుంటుంది. ఎండలో మాత్రం వేయకండి, రంగు వెలిసి పోగు బలహీనపడుతుంది. మంచం మీద నూలు దుప్పటి పరిచి, చీర పూర్తిగా విప్పి, ఫ్యాన్ కింద మధ్యలో ఒకసారి తిరగేస్తూ ఆరనివ్వండి. ఏసీ గది ఇంకా మంచిది, కానీ అక్కడే మడిచి అక్కడే చుట్టాలి. చల్లటి చీరను విప్పింది విప్పినట్టే బయటికి తెస్తే బయటి తేమంతా దానికే పడుతుంది. ఇస్త్రీ చేయించిన చీర వేడి మీద ఉండగా ఎప్పుడూ లోపల పెట్టకండి.

ఒక్కో చీరను ఒక్కో పంచెలో చుట్టండి. షాపువాళ్లిచ్చిన ప్లాస్టిక్ కవరు పనికిరాదు, లోపలి తేమను బయటికి పోనివ్వదు. కలరా ఉండలు జరీకి తగలనివ్వకూడదు. నేనైతే అసలు వాడనివ్వను. వేపాకు వేసేవాళ్లు ఎండినదే వేయాలి, పచ్చి ఆకు తేమను వెంటపెట్టుకొస్తుంది.

ఒక్కో అరలో వంద గ్రాముల సిలికా జెల్ గుడ్డసంచిలో ఉంచండి. నారింజ రంగు గుళికలు ఆకుపచ్చగా మారితే తీసి, ఓవెన్‌లో 120 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తాయి. తేమ పీల్చి నీళ్లు పట్టే డబ్బాలు మాత్రం పట్టుచీరల అరలో వద్దు. అవి పీల్చిన తేమ ఉప్పునీరుగా అడుగున చేరుతుంది, డబ్బా ఒరిగితే చీర మీదే ఒలుకుతుంది.

కార్తీకంలో గాలి పొడిబారాక చీరలన్నీ విప్పి, ఒక పూట ఆరనిచ్చి, పాత గీత మీద కాకుండా మడత మార్చి మడవండి. ఒకే గీత మీద మడుస్తూ పోతే పట్టు అక్కడే చిట్లుతుంది.