షార్‌లో రాకెట్ ప్రయోగాన్ని కళ్లారా చూడటం ఎలా?

"ఇస్రోలో మావాడొకడు ఉన్నాడు, గేటు దగ్గర చూసుకుందాం" అనుకుని శ్రీహరికోట బయల్దేరకండి. అక్కడ ఆ మాటలు చెల్లవు. షార్ అంటే శ్రీహరికోటలోని ఇస్రో రాకెట్ ప్రయోగ కేంద్రం, కేంద్ర బలగాల కాపలాలో ఉండే చోటు. మామూలు జనానికి ఉన్న దారి 2019లో తెరిచిన లాంచ్ వ్యూ గ్యాలరీ. అందులో దాదాపు 5,000 మంది కూర్చోవచ్చు.

ముందు ఏ రాకెట్టో చూసుకోండి. తొలిసారి అయితే ఇస్రో రాకెట్లలో అతి బరువైన ఎల్‌వీఎం3 కే వెళ్లండి. 43.5 మీటర్ల ఎత్తు, సుమారు 640 టన్నుల బరువు, చంద్రయాన్-3ని మోసుకెళ్లింది అదే. పీఎస్ఎల్‌వీని తర్వాతెప్పుడైనా చూడొచ్చు. సామానంటారా, నీళ్లు, టోపీ, గుర్తింపు కార్డు చాలు.

అసలు తిప్పలన్నీ రిజిస్ట్రేషన్‌లోనే. ప్రయోగానికి కొద్దిరోజుల ముందు ఇస్రో ఆన్‌లైన్‌లో లింకు ఇస్తుంది. పెద్ద ప్రయోగమైతే సీట్లు చూస్తుండగానే అయిపోతాయి. అందుకని తేదీ ప్రకటించినప్పటి నుంచి రోజూ ఇస్రో సైటు చూస్తుండండి. వాట్సాప్‌లో ఎవరో పంపిన లింకు నొక్కొద్దు. డబ్బిస్తే పాస్ ఇప్పిస్తామనేవాళ్లను దగ్గరికి రానీయొద్దు.

పేరు దగ్గరే మనవాళ్లు బోల్తా పడతారు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఫారంలో మాత్రం అలవాటుకొద్దీ ఒక్క అక్షరం కొట్టేస్తారు. కొందరు ఇంటిపేరును చివరికి నెడతారు. కార్డు ఎదురుగా పెట్టుకుని, అందులో ఎలా ఉంటే అలాగే అక్షరం అక్షరం ఎక్కించండి. నంబరు రెండుసార్లు సరిచూడండి. ఇంట్లో అందరి వివరాలూ ముందురోజే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి, లింకు తెరిచాక వెతుక్కుంటే టెన్షనే. వెళ్లేటప్పుడు అదే కార్డు, ఒరిజినల్ తీసుకెళ్లండి. జిరాక్స్ చూపించి సెక్యూరిటీతో వాదించొద్దు. ఇక వాయిదా సంగతి. చంద్రయాన్-2 కౌంట్‌డౌన్ 2019 జులై 15న, గంట కూడా లేదనగా ఆగింది, జులై 22న ఎగిరింది. అలా జరిగితే పాత పాస్ పనికొస్తుందని ఊహించుకోకండి, కొత్త నోటీసు చదవండి.

ప్రయాణం తేలికే. సూళ్లూరుపేటలో రైలు దిగితే అక్కడి నుంచి షార్ 18 కిలోమీటర్లు. ముందురోజు రాత్రికే సూళ్లూరుపేట చేరాలి, అంతే.

పులికాట్ సరస్సు గట్టున కారాపుకొని చూస్తే సరిపోదా అంటారు కొందరు. సరిపోదు. గ్యాలరీలో పెద్ద తెర మీద కంట్రోల్ రూమ్ కనిపిస్తుంది, ఏ దశ ఎప్పుడు మండిందో వినిపిస్తుంది. సున్నా అనగానే చెట్ల పైనుంచి మంట లేస్తుంది, చప్పుడు మాత్రం ఉండదు. శబ్దానికి కిలోమీటరుకు మూడు సెకన్లు పడుతుంది. ఆ తర్వాత ఛాతీ అదిరేలా వస్తుంది. ఈలోపు ఫోనులో వీడియో తీస్తూ కూర్చోకండి, అంతకంటే మంచి వీడియో ఇస్రోనే పెడుతుంది.

అయిపోగానే పార్కింగ్ వైపు పరుగెత్తొద్దు. జనమంతా ఒకేసారి పులికాట్ రోడ్డెక్కుతారు. కాసేపు కూర్చుని, ఉపగ్రహం విడిపోయిందన్న ప్రకటన విన్నాకే లేవండి.