మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో లింక్ చేసిన ఎస్‌క్యూఎల్ సర్వర్ టేబుల్ రీడ్‌ఓన్లీగా (చూడ్డానికే తప్ప మార్చడానికి వీల్లేకుండా) తెరుచుకుంటే ఏం చేయాలి?

టేబుల్ తెరుచుకుంటుంది, అంకెలన్నీ కనిపిస్తాయి, కానీ టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య మార్చబోతే ఏం నొక్కినా కదలదు. కింద కొత్త రికార్డు కోసం నక్షత్రం గుర్తుతో ఉండే ఖాళీ వరుస కూడా కనిపించదు. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులకు ఈ పని చేస్తుంటాను, ఎక్కడ చూసినా ఒకటే తంతు: వెంటనే అసలు డేటా ఉండే ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పర్మిషన్లన్నీ అందరికీ ఇచ్చేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పర్మిషన్ లేకపోతే యాక్సెస్ టైప్ చేయనిస్తుంది, సేవ్ చేసేటప్పుడు ఎర్రర్ ఇస్తుంది. అసలు టైపే చేయనివ్వట్లేదంటే చాలావరకు ఆ టేబుల్‌కి ప్రైమరీ కీ గానీ యూనిక్ ఇండెక్స్ గానీ, అంటే ప్రతి వరుసనీ విడిగా గుర్తుపట్టే, రెండోసారి రాని విలువ, లేనట్టే. ఏ వరుస ఏదో తేల్చుకోలేనప్పుడు యాక్సెస్ దేన్నీ ముట్టుకోనివ్వదు.

కావలసినవి: సర్వర్‌లో టేబుల్ మార్చే హక్కు, ఒక బ్యాకప్, అందరూ ఇంటికెళ్లాక కాస్త టైము. లింక్ చేసింది ఎక్సెల్ షీట్ అయితే ఇదంతా చేసినా లాభం లేదు. ఒక పేటెంట్ కేసు వల్ల యాక్సెస్ 2003 సర్వీస్ ప్యాక్ 2తోనే అలాంటి షీట్‌ని యాక్సెస్ నుంచి మార్చే వీలు తీసేశారు.

1. సర్వర్‌లో కొత్త కాలమ్ పెట్టండి: ఇంట్ (పూర్ణాంకం) టైపు, ఐడెంటిటీ (నంబరు దానంతటదే పడేది), దానికే ప్రైమరీ కీ. ఇంకా పెద్ద అంకెలు పట్టే బిగ్‌ఇంట్ వద్దు, పాత యాక్సెస్‌లకు అది పడదు.

2. యాక్సెస్‌లో పాత లింక్ డిలీట్ చేయండి. డేటా పోతుందని టెన్షన్ పడక్కర్లేదు, పోయేది లింకే. కానీ ముందే టేబుల్ పేరు దగ్గరుండే బొమ్మ పక్కన బాణం గుర్తు ఉందో లేదో చూసుకోండి, బాణం లేకపోతే అది లోకల్ టేబుల్, అది డిలీట్ అయితే డేటా కూడా పోయినట్టే.

3. ఓడీబీసీ (యాక్సెస్‌ని సర్వర్‌తో కలిపే దారి) ద్వారా మళ్లీ లింక్ చేయండి. ఇంపోర్ట్ కాదు, లింక్. ఇంపోర్ట్ చేసుకుంటే హాయిగా టైప్ చేయొచ్చు గానీ ఒక్క అక్షరం కూడా సర్వర్‌కి చేరదు, సీజన్ మధ్యలో రెండు లెక్కలు తయారవుతాయి.

అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే. కీ లేని టేబుల్‌నో, వ్యూనో (సర్వర్‌లో దాచిపెట్టిన, టేబుల్‌లా కనిపించే క్వెరీ) లింక్ చేస్తే ‘సెలెక్ట్ యూనిక్ రికార్డ్ ఐడెంటిఫైయర్’ అని ఒక కిటికీ వస్తుంది. ఏమీ ఎంచుకోకుండా దాటేస్తే మళ్లీ రీడ్‌ఓన్లీయే. అంతకంటే ప్రమాదం తోచింది ఎంచుకోవడం, ఎందుకంటే మీరు చెప్పింది నిజంగా యూనిక్కో కాదో యాక్సెస్ సరిచూడదు.

లాట్ నంబర్ ఎంచుకున్నారనుకోండి. ప్రతి సీజన్‌కీ లాట్లు 1 నుంచి మొదలవుతాయి కదా, 212వ లాట్ పోయినేడాదీ ఉంది, ఈ ఏడాదీ ఉంది. అప్పుడు తెర మీద ఒకే రైతు వరుస రెండుసార్లు కనిపిస్తుంది, రెండో రైతు సరుకు కనిపించనే కనిపించదు. ఎర్రర్ ఏమీ రాదు, గుమాస్తా దాన్నే నమ్మి గేట్ పాస్ రాస్తాడు. అందుకే ముందు గ్రూప్ బై క్వెరీ (ఒకే విలువ ఉన్న వరుసల్ని ఒకచోట చేర్చి లెక్కపెట్టేది) వేసి, ఒకటి కంటే ఎక్కువసార్లు వచ్చే విలువలు లేవని తేలాకే ఎంచుకోండి. లాట్ నంబర్, సీజన్ రెండూ కలిపి ఎంచుకోవచ్చు, పది ఫీల్డుల దాకా కుదురుతుంది. టేబుల్‌కైతే ఈ కిటికీని అసలు వాడొద్దు, సర్వర్‌లోనే కీ పెట్టండి. ఇది వ్యూల కోసమే. వ్యూ లింక్ డిలీట్ చేసి మళ్లీ కలిపిన ప్రతిసారీ ఈ ఎంపిక మళ్లీ చేయాలి.

4. కొత్త లింక్ పేరు ముందు ‘డీబీవో’ అండర్‌స్కోర్ వచ్చి ఉంటుంది, అది తీసేసి పాత పేరే పెట్టండి, లేకపోతే ఫారాలు, క్వెరీలు దాన్ని వెతుక్కుని ఆగిపోతాయి. డిజైన్ వ్యూలో కాలమ్ పక్కన తాళంచెవి గుర్తు కనిపిస్తే, టేబుల్ తెరిచి నక్షత్రం వరుస వచ్చిందో లేదో చూడండి.